గడప దాటిన మొసలి

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళు ప్రతి వాడలో ఒకరిద్దరు ఉంటారు. ఛత్రినాకలో రఘునాథ్ పట్టింది కుందేలు కాదు, మొసలి. దానికి నాలుగు చక్రాలున్నాయి గానీ ఏళ్ళ తరబడి ఒక్క చక్రమూ కదల్లేదు. కదులుతుందని నమ్మినవాడు ఆయనొక్కడేనని అందరూ అనుకునేవారు. అందులో అందరూ పొరబడ్డారన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

రఘునాథ్ తాత, తండ్రి అమ్మవారి గుడి సేవలో బతికినవాళ్ళు. ఈయన బస్సు డిపోలో స్టోర్సు గుమాస్తా అయ్యాడు. కిటికీ వెనక కూర్చొని మెకానిక్కులకు బోల్టులూ బేరింగులూ ఇవ్వడమే పని. ఏ సామాను ఏ అరలో ఉందో కళ్ళు మూసుకొని చెప్పేవాడు గానీ, అది బండిలో ఎక్కడ బిగిస్తారో అడిగితే నీళ్ళు నమిలేవాడు. వంటింటి గిన్నెలన్నీ తెలిసి వంట రాని మనిషి ఎలా ఉంటాడో అలా ఉండేవాడన్నమాట. ఆ వెలితి ఆయన్ని లోపల తొలుస్తూనే ఉండేదని నా అనుమానం.

తొంభై రెండులో ఆయన స్కూటరు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాడు. శాలిబండలో ఎవరో సాహెబు సెకండ్ హ్యాండ్ స్కూటరు అమ్ముతున్నాడని కబురు. వెళ్ళి చూస్తే స్కూటరు అప్పటికే అమ్ముడుపోయింది. పెరట్లో మాత్రం ఒక పాత టార్పాలిన్ కింద, కువైట్ నుంచి వచ్చేటప్పుడు ఆ సాహెబు ఓడలో తెచ్చుకున్న జపాన్ కారు పడుంది. డాట్సన్ 240 జడ్. రెండే సీట్లు, ఎడమ వైపు స్టీరింగు, బారెడు ముక్కు. డ్రైవరు సీట్లో ఒక కోడి గుడ్లు పెట్టుకొని పొదుగుతోంది. రఘునాథ్ కోడిని చూడలేదు. ఆ ముక్కు పొడవు చూసి నిలబడిపోయాడు. సాహెబు ముసిముసిగా నవ్వి, స్కూటరు ధరకే ఇచ్చేస్తానన్నాడు. బేరం అయిపోయింది.

ఇక్కడ ఇంటి దగ్గర భార్య రాధాబాయి స్కూటరు కోసం హారతి పళ్ళెం పట్టుకొని ముంగిలి పెద్ద దర్వాజా ముందు నిలబడింది. సందు చివర నుంచి బహదూర్‌పురా మెకానిక్ యాసీన్ భాయ్ జీపు, దాని వెనక తాడు, తాడు చివర తుప్పు పట్టిన మొసలి లాంటి వస్తువు వస్తున్నాయి.

"గిదేంది?" అంది రాధాబాయి.

"బండి."

"నడుస్తదా?"

"నడుస్తది."

ఆమె ఆ మొసలిని ముక్కు నుంచి తోక దాకా చూసింది. వెలిగించిన హారతి ఊరికే ఆర్పకూడదు గనక దానికే తిప్పింది. తెచ్చిపెట్టుకున్న నిమ్మకాయలు కూడా చక్రాల కిందే పెట్టింది. బండి కదిలి వాటిని చిదిమితే దిష్టి పోయినట్టు. ఆ నిమ్మకాయలు చితకలేదు. ఎండి గోలీల్లా అయ్యాయి. ప్రతి దసరాకూ ఆమె కొత్త నిమ్మకాయలు పెట్టడం, అవి అలాగే ఎండిపోవడం ఆ ఇంట్లో ఆచారమైంది. "ఏం రఘునాథన్నా, నడుస్తదా?" అని అడగడం, "నడుస్తది" అని ఆయన అనడం వాడకు ఆచారమైంది.

ఆ రోజు నుంచి రాధాబాయి ఆ కారును "మీ బండి" అనే అంది. మీ బండి కింద నూనె కారింది, మీ బండి మీద పిల్లి పడుకుంది, మీ బండి వల్ల వడియాలు పెట్టుకోను జాగ లేదు. ఒక్కసారైనా నోరు జారి వేరే మాట అనలేదు.

రఘునాథ్ ఇంజను విప్పడం యాసీన్ భాయ్ దగ్గర నేర్చుకున్నాడు. శుక్రవారం నమాజు అయ్యాక భాయ్ వచ్చి, ముంగిట్లో పీట వేసుకొని, చాయ్ తాగుతూ చూసేవాడు. చెయ్యి మాత్రం పెట్టేవాడు కాదు. "తుమ్ ఖోలో, తుమ్ బాంధో. నువ్వే విప్పు, నువ్వే బిగించు. నేను చేస్తె నా బండి అయితది, నీది కాదు" అనేవాడు. మొదటిసారి కార్బురేటర్లు విప్పి బిగించాక రఘునాథ్ చేతిలో మూడు స్ప్రింగులు మిగిలాయి. భాయ్ చాయ్ పొలమారేలా నవ్వి, మళ్ళీ మొదలుపెట్టమన్నాడు.

పనికి అంతు లేదు. కాళ్ళు పెట్టే చోట నేల తుప్పు తినేసి కింద చీమలు కనపడేవి. దాన్ని కోసేసి కొత్త రేకు అతికించాడు. సీట్లు కార్వాన్‌లో ఒక తోలుపనివాడి చేత కుట్టించి, పైన ఎర్ర రంగు వేయించాడు. రబ్బరు సామాన్లు, వాటర్ పంపు మన దేశంలో దొరికేవి కావు. సెలవులకు వచ్చే గల్ఫ్ కుర్రాళ్ళు ఖర్జూరం పొట్లాల మధ్య దాచి తెచ్చిపెట్టేవారు. ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక ఎక్కడెక్కడో ఇలాంటి పిచ్చివాళ్ళే ఇంకా ఉన్నారని తెలిసి ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంజను పట్టేయకుండా ప్రతి ఆదివారం నూనె పోసి చేత్తో తిప్పేవాడు. ఎలుకలు వైర్లు కొరక్కుండా నాఫ్తలీన్ ఉండలు వేసేవాడు. వానాకాలం రాధాబాయి పాత చీరలు తీసి దానికి కప్పేవాడు. "పెండ్లయిన కాన్నుంచి నాకు కొన్నయి తక్కువ, దానికి కప్పినయి ఎక్కువ" అని ఆమె దెప్పేది. అయినా చిరిగిన చీరను గిన్నెలవాడికి వేయకుండా మడత పెట్టి ఉంచేది. ఆ చిన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఎవరు వచ్చినా రఘునాథ్ బానెట్ ఎత్తి చూపేవాడు. ఆరు సిలిండర్లు చూపేవాడు, జంట కార్బురేటర్లు చూపేవాడు, చివర నారింజ రంగు డబ్బా ఒకటి చూపేవాడు. దానికి ముందు గొట్టంలాంటి మూతి ఉండేది. "ఇది దీని ముక్కు. గాలి ఈడికెల్లే పోతది. దీని ప్రాణమంత ఈడనే ఉన్నది" అని చెప్పేవాడు. పప్పు తాలింపు వేస్తూ రాధాబాయి ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియాలి.

రెండువేల నాలుగులో ఇంటి పంపకాలయ్యాయి. ముంగిలి తమ్ముడు రామ్‌చందర్ వాటాకు వచ్చింది. రామ్‌చందర్ చెడ్డవాడేం కాదు. ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళు చేసి, ఇరుకు గదుల్లో కోడళ్ళు మెసలలేక అవస్థ పడుతున్నవాడు. శ్రావణం రాగానే ముంగిట్లో పునాదికి ముగ్గు పోసి గదులు కడతానన్నాడు.

"అన్నా, మొసలిని ఏం చేద్దామనుకుంటున్నవ్?"

"యాసీన్ భాయ్ షెడ్డులో పెడత. జాగ ఇస్తనన్నడు."

"తాడు కట్టి తెచ్చినవ్, తాడు కట్టి తీస్కపోతవ్. గంతేనా?"

ఆ మాట రఘునాథ్‌కు చురుక్కున తగిలింది. పంపకాలకు కూర్చున్న పెద్దలందరి ముందూ లేచి నిలబడ్డాడు. "తాడు కట్టను. బోనాల నాడు ఇంటి బోనం గడప దాటేలోపు నా బండి సొంతంగ గడప దాటుతది. దాటకపోతె పాత ఇనుముకు నేనే ఏస్త!"

నోరు జారిన మాట, చెయ్యి జారిన కుండ ఒకటే. రఘునాథ్ ఇంట్లో ఇచ్చిన మాటకు తిరుగుండదు. అమ్మవారి పేరు మీద ఇచ్చిన మాటకు అసలే ఉండదు. ఆ సాయంత్రం ఆయన మొసలి ముక్కు మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాడు. దాన్ని సుత్తెలతో పగలగొట్టడం తలుచుకొని, లేచి పానాల పెట్టె తెరిచాడు.

ఆ ఆషాఢమంతా ఆయన డిపోకు సెలవు పెట్టి దాని మీదే పడ్డాడు. బోనాల ముందు గురువారం, ఆ నారింజ డబ్బా ఇంకా బిగించకుండానే తాళం తిప్పితే, ఇంజను ఒక్కసారి దగ్గి, రెండుసార్లు తుమ్మి, అందుకుంది. ఆరు సిలిండర్ల గురగురకు వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. యాసీన్ భాయ్ "మాషా అల్లా" అని చాయ్ కప్పు కింద పెట్టేశాడు. రఘునాథ్ ఏడ్చాడు, అదేం దాచుకోలేదు. శుక్రవారం డబ్బాను కడిగి, రంగు వేసి, ఆరబెట్టాడు. శనివారం బిగించి, పెట్రోలు తేవడానికి క్యాను పట్టుకొని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడటంతో, ఇక పొద్దున్నే తాళం తిప్పుదామనుకున్నాడు.

ఆదివారం తెల్లారేసరికి వాడంతా వేపాకు, సాంబ్రాణి వాసన. దర్వాజా గడప మీద రెండు చెక్కలు పరిచారు. పాత ఇనుము ఆగయ్య తన బండి సందు మొగలో ఆపి, బీడీ ముట్టించుకొని కూర్చున్నాడు. పండుగ పూట కూడా బేరం మానని మనిషి. రాధాబాయి తలంటుకొని, పట్టుచీర కట్టి, కారు చక్రాల కింద నాలుగు పచ్చి నిమ్మకాయలు పెట్టి, బోనం నెత్తికెత్తుకుంది. కుండ మీద దీపం వెలుగుతోంది. డప్పులు అందుకున్నాయి.

రఘునాథ్ తాళం తిప్పాడు. ఇంజను లేచింది, రెండు ఊపిరులు తీసింది, నల్లటి పొగ కక్కి చచ్చింది.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. జనంలో ఎవరో "నడుస్తదా అన్నా?" అన్నారు. ఏనుగంతా వెళ్ళి తోక చిక్కినట్టైంది. చెమట ధారలు కడుతుంటే బానెట్ ఎత్తి ప్లగ్గు విప్పాడు. అది మసిబారి నల్లగా ఉంది.

యాసీన్ భాయ్ తొంగి చూశాడు. "సాస్ నై లేరీ భాయ్. ఊపిరాడ్తలేదు దీనికి. డబ్బా ఖోల్‌కే దేఖో. విప్పి చూడు."

"డబ్బాల ఏముంటది? నా చేతుల్తోని కడిగి నేనే బిగించిన. లోపం కార్బురేటర్ల ఉన్నది!"

చూశారా, మళ్ళీ మూడు కాళ్ళ కుందేలు! భాయ్ ఎంత చెప్పినా వినకుండా పానా పట్టుకొని కార్బురేటరు మీద పడ్డాడు. అది విప్పి బిగించాలంటే మధ్యాహ్నం అవుతుంది. అవతల వాడకట్టు బోనాలన్నీ కదిలాయి. "వదినా, నడువు, ఆలస్యమైతున్నది" అన్నాడు రామ్‌చందర్, కొంచెం నొచ్చుకుంటూనే. ఆగయ్య బీడీ పారేసి లేచాడు.

రాధాబాయి కదల్లేదు. ఆమె గడప దాటితే బండి బతుకు అయిపోయినట్టే. దీపం నుంచి కారుతున్న నూనె చెంప మీద పడుతున్నా అలాగే నిలబడింది. యాసీన్ భాయ్ అన్న మాట ఆమె చెవిన పడింది. ఊపిరాడటం లేదు. ఆమె ముఖం పాలిపోయింది.

మొగుడి చెవిలో చెప్పే మాట అది. కానీ బోనం నెత్తికెత్తుకున్నాక గుడి ముందే దించాలి, మధ్యలో దించకూడదు. వంగకూడదు, పరుగెత్తకూడదు. మధ్యలో ఇంతమంది జనం. అందుకని ఉన్నచోటనే నిలబడి, డప్పుల మీదుగా వినపడేలా గొంతెత్తి అరిచింది. సరిగ్గా అప్పుడే డప్పులవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

"దాని ముక్కుల చెయ్యి పెట్టి చూడుండ్రి!"

రఘునాథ్ అయోమయంగా ఆమెను చూసి, నారింజ డబ్బా మూతిలోకి రెండు వేళ్ళు దూర్చాడు. మెత్తగా ఏదో తగిలింది. లాగితే, గొంతులో ఇరుక్కున్న ముద్దలా బయటికి వచ్చింది. పసుపు గుడ్డ మూట. లోపల రూపాయి బిళ్ళ, వక్క, నాలుగు బియ్యపు గింజలు.

ముడుపు.

"ఎవరు కట్టిన్రు?" అన్నాడు రఘునాథ్.

"నేనే కట్టిన. మీరు పెట్రోలుకు పోయినప్పుడు. బండి గడప దాటితె వచ్చే ఏడు రెండు బోనాలు ఎత్తుతనని అమ్మకు మొక్కిన. దాని ప్రాణమంత గాడనే ఉంటదని మీరే కద అందరికి చెప్తరు? ప్రాణం కాడ పెడితె అమ్మ చల్లగ చూస్తదనుకున్న." ఇంత చెప్పినా నెత్తి మీద దీపం వణకలేదు.

మొదట నవ్వింది యాసీన్ భాయ్. తర్వాత రామ్‌చందర్, తర్వాత వాడంతా. నవ్వనిది రఘునాథ్ ఒక్కడే. ఇన్నేళ్ళూ తనొక్కడే మోశాననుకున్న నమ్మకాన్ని ఈ మనిషి వంటింట్లోంచి మోస్తూనే ఉందని ఆయనకప్పుడు అర్థమైంది. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ముడుపును కళ్ళకద్దుకొని చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకున్నాడు. ప్లగ్గు తుడిచి బిగించి, వచ్చి కూర్చొని తాళం తిప్పాడు.

మొసలి ఒక్క తుమ్ముకే అందుకుంది. ఈసారి ఆగలేదు. ఆ గురగుర ముంగిలి గోడలకు తగిలి, గుండెల్లో దూరి, సందు చివర ఆగయ్య దాకా పోయింది.

"ముందుగల్ల మీరు నడువుండ్రి, మీ వెనక నేను" అంది రాధాబాయి.

క్లచ్ వదిలాడు. టప్, టప్. ముందు రెండు, వెంటనే వెనక రెండు. నిమ్మకాయలు చితికిన వాసన ముంగిలంతా పరుచుకుంది. మొసలి చెక్కల మీదుగా గడప దాటి ఎండలోకి వచ్చింది. రామ్‌చందర్ రెండు చేతులూ ఎత్తి "నడుస్తున్నదిరో!" అని కేక పెట్టి, డప్పుల మధ్యకు ఉరికి ఆడాడు. ఆగయ్య తన తోపుడుబండిని పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

సందు మొగలో రఘునాథ్ కారు ఆపి, బోనాన్ని ముందుకు పోనిచ్చాడు. అమ్మవారి కంటే ముందు ఎవరూ నడవకూడదు గదా. గంటకు నూరు మైళ్ళు దాటి పోవడానికి పుట్టిన బండి, మొదటి గేరులో, రాధాబాయి అడుగులో అడుగేస్తూ గుడి దాకా నడిచింది. దారి పొడుగునా మేడల మీద జనం, కిటికీల్లో జనం.

ఒక మేడ మీద నుంచి ఎవరో ఆడమనిషి వంగి, "అమ్మా, గా ఎర్ర కారు ఎవరిదమ్మా?" అని అడిగింది.

నెత్తిన బోనం ఉంది గనక రాధాబాయి తల తిప్పలేదు, పైకి చూడలేదు. నడుస్తూనే, వెనక కారులో ఉన్న మనిషికి కూడా వినపడేలా, "మాది" అంది.