కరెంటు పెట్టకుండా చూసినావా?

మా మేనమామ పోయారని పోయిన నెల వాళ్ల ఊరు కోట నుంచి ఫోన్ వచ్చింది. రొయ్యల గుంట కట్ట మీదే గుండె ఆగిపోయిందట. అప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. చేతి తొడుగులైనా తీయకుండా ఏడ్చాను.

నా పరిశోధన అమ్మోనియా తయారీ మీద. యూరియాకు మూలం అదే. ఫ్యాక్టరీల్లో దాన్ని సహజవాయువుతో, విపరీతమైన వేడిలో, పొగ వదులుతూ చేస్తారు. గాలిలోని నత్రజని, నీళ్లు, కాస్త కరెంటు, ఈ మూడింటితోనే చేయాలని మా ప్రయత్నం. ఈ సంగతి మొదటిసారి చెబితే మామయ్య పగలబడి నవ్వారు.

"గుంటలో అమ్మోనియా పెరిగి రొయ్య తేలిపోతుంటే మేం చస్తా ఉండాం. నువ్వు కూర్చోని దాన్ని తయారు చేస్తా ఉండావా? మా గుంటకొచ్చి తోడుకోని పో మే!"

చదివింది ఎనిమిదో తరగతి. మనిషి అనుమానాల పుట్ట. గుంట నీళ్లలో అమ్మోనియా పరీక్ష చేసే ముందు, అమ్మోనియా ఉంటే పచ్చబడే ఆ మందు చుక్కలనే తాగే నీళ్లలో వేసి చూసేవారు. వాటిలోనూ పచ్చరంగు తేలితే మందు సీసా విసిరికొట్టేవారు. "మందే అబద్ధం చెప్తా ఉంటే గుంటనేం తిట్టేది?" అనేవారు.

రెండేళ్ల కష్టం తర్వాత మా పరికరంలో అమ్మోనియా కనబడింది. పేపరు రాసేశాం. నా డాక్టరేటంతా దాని మీదే. ఆ సంతోషంలో ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే.

"కరెంటు పెట్టకుండా చూసినావా?"

చూడాలని నాకూ తెలుసు. తొందరలో వదిలేశాను. ఒళ్లు మండినా మర్నాడు చూశాను. కరెంటు లేకపోయినా అంతే రంగు. మేం తయారు చేసిందేమీ లేదు, కరెంటు పారేందుకు నీళ్లలో కలిపిన ఉప్పులో ముందే మలినంగా ఉన్న అమ్మోనియాను కొలుచుకుని మురిసిపోయాం. పేపరు ఆపేశాం. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు, అంత కోపం. ఆయన అడగకపోతే అబద్ధాన్ని అచ్చు వేయించుకుని ఉండేదాన్నని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి ఆయనే ఫోన్ చేశారు.

"పంట పోతే గుంట ఎండబెట్టి మళ్లా రొయ్యపిల్ల వదల్తాం గదా. నీకేమొచ్చింది?"

మళ్లీ మొదలుపెట్టాను. ఈ వేసవిలో కరెంటు ఆపితే రంగు రాలేదు, పెడితే వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అంతే. వచ్చింది మాత్రం బహు కొద్ది, గుప్పెడు యూరియాకు కూడా చాలదు. అయినా ఆ రంగు నీళ్లున్న గాజు గొట్టం పట్టుకుని బస్సెక్కి కోట వెళ్లాను.

మామయ్య దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశారు. అప్పటికే కళ్లకు పొర కమ్మింది, ఆపరేషన్ పంట తీశాక అంటూ వాయిదా వేస్తున్నారు.

"నాకేం కనపడలా పాపా. నీకు కనపడిందా?"

"కనపడింది మామయ్యా. లేత పచ్చ."

"అయితే ఉండాదిలే," అన్నారు. గొట్టాన్ని మాత్రం వెలుగులోంచి దించలేదు.