రెండో వరుసకు వేసిన చుక్క

పద్నాలుగేళ్లుగా ఒక హార్మోను చుక్క నా మీద బరువుగా ఉంది. చుక్కకు బరువేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. అందుకే రాస్తున్నాను.

నేను కర్నూలులో ఒక కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. బద్వేలు నుంచి వచ్చిన సుభద్ర అనే అమ్మాయి అక్కడ పరిశోధన చేసేది. ఎలుక పిల్లల గుండెల నుంచి మూలకణాలు తీసి చిన్న ప్లేట్లలో పెంచేది. మూలకణమంటే తాను ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని కణం. థైరాయిడ్ హార్మోను తగిలితే అది గుండె కండరంగా మారుతుందా అన్నది ఆమె ప్రశ్న. పన్నెండు ప్లేట్లు, రెండు వరుసలు. మొదటి ఆరింటికి రోజూ ఎర్రమూత సీసాలోని హార్మోను చుక్క. తక్కిన ఆరింటికి తెల్లమూత సీసాలోని చుక్క. అందులో హార్మోను ఉండదు. తేడా తెలియాలంటే ఒక వరుసకు ఇవ్వకూడదు మరి. ఇది నాకు అర్థం కాలేదనుకోకండి. బాగా అర్థమైంది. అందుకే దీన్ని తప్పు అంటున్నాను, పొరపాటు అనడం లేదు.

అన్న పెళ్లికని సుభద్ర పది రోజులు ఊరికి పోతూ ప్లేట్లు నాకు అప్పగించింది. రెండు రోజులు చెప్పినట్టే చేశాను. మూడో రోజు ఉదయం పది గంటలకు, ఏడో ప్లేటు దగ్గర చేయి ఆగిపోయింది. మా కోయిలకుంట్ల వైపు పెళ్లిళ్లలో నలభై ఏళ్లు బంతిలో నెయ్యి వడ్డించినవాణ్ణి. ఒక విస్తరికి నెయ్యి వేసి పక్క విస్తరికి నీళ్లు చిలకరించి పోవడం నా చేతికి తెలియదు. మైక్రోస్కోపులో చూస్తే మొదటి వరుస కణాలు అప్పుడే కదలాడుతున్నాయి. రెండో వరుసవి ఊరికే కూర్చుని నావైపే చూస్తున్నట్టు అనిపించింది. కణాలకు కళ్లుండవని నాకు తెలియదా? తెలుసు. అయినా ఎర్రమూత సీసా తీసి ఆ ఆరింటికీ తలా ఒక చుక్క వేశాను. ఆమె వచ్చేదాకా రోజూ వేశాను. ఏడో ప్లేటు కాస్త నీరసంగా కనిపిస్తే దానికి మారు కూడా వడ్డించాను.

ఆమె తిరిగొచ్చి చూసేసరికి పన్నెండు ప్లేట్లలోనూ కణాలు గుండెలా కొట్టుకుంటున్నాయి. ముఖం పాలిపోయి నా దగ్గరికి వచ్చింది.

"చిన్నాయనా, రెండో వరుసకు తెల్లమూత దాంట్లోదే వేసినావు గదా?"

"దాంట్లోదే వేసినా పాపా. నా చేయి తప్పుతాదా?"

"నీ చేయి యాడ తప్పుతాదిలే. తప్పు నాదే అయ్యుండాల. మందు లేకనే కొట్టుకుంటాండాయంటే వీటికేం తిక్క పుట్టిందో ఏమో."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు మింగాను? ముప్పై ఏళ్లలో ఒక్క సీసా పగలగొట్టలేదని పేరున్నవాణ్ణి. ఆ పేరు ఆ పిల్ల కంటే ఎక్కువైందా? అయిందనే చెప్పాలి. ఆ సాయంత్రం నా డైరీలో "ఎండ ఎక్కువ. ప్లేట్లు క్షేమం" అని రాసుకున్నాను. రెండోది అబద్ధం కూడా కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆమె గైడు చేతిశుభ్రత లేదని నలుగురిలో తిట్టాడు. ఇంకోసారి ఇట్లయితే పరిశోధన మానుకోమన్నాడు. ఆమె అన్నీ పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఏడాది పోయింది. అన్న బిడ్డకు పేరు పెట్టే రోజుకు కూడా ఊరికి పోలేదు. ఈసారి హార్మోను పడిన వరుస ఒక్కటే కొట్టుకుంది. నన్ను అనుమానించినందుకు ఏమనుకోవద్దని లడ్లు తెచ్చిచ్చింది. తిన్నాను. రెండు.

ఇప్పుడు సుభద్ర కడపలో పాఠాలు చెబుతోంది. పోయిన వారం ఫోన్ చేసి, జాగ్రత్తగా పని చేయడమెట్లాగో తన విద్యార్థులకు రెండు మాటలు చెప్పిపొమ్మంది. మోకాళ్ల నొప్పులన్నాను.

"పోనీలే చిన్నాయనా, నీ గురించి నేనే చెప్తా."

నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

ఇది ఆమె కంటపడితే పెళ్లి, బద్వేలు, ఏడో ప్లేటు చూసి వెంటనే పోల్చుకుంటుంది. ఆమె పేరు మార్చాను. తక్కినవి కూడా మారుద్దామని రెండుసార్లు కలం ఎత్తాను. మార్చలేదు.