వేడి ఎక్కేటప్పుడే ఆగే మిషన్
రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పటాన్‌చెరులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్ల వేడిని నమోదు చేసే కంప్యూటర్లు తయారుచేసేవాళ్లం. ఆపరేటింగ్ సిస్టం లోపలి భాగాన్ని, అంటే కెర్నెల్‌ని, ఆ పనికి తగ్గట్టు మార్చి రాయడం నా బాధ్యత.

హత్నూర వైపు ఒక ఫ్యాక్టరీలో మా పాత మిషన్ ఏళ్లపాటు ఏ పేచీ లేకుండా నడిచింది. దాని స్థానంలో రెండు ప్రాసెసర్ల కొత్తది పెట్టాక, అప్పుడప్పుడు తెర బిగుసుకుపోవడం మొదలైంది. రియాక్టర్‌కు ముల్లు మీటర్ కూడా ఉంది కనుక ప్రమాదం లేదు. కానీ కాగితం మీద వేడి నమోదు కాని సరుకును పక్కన పెట్టేసేవారు.

రెండుసార్లు వెళ్లి చూశాను. నా ముందు ఒక్కసారీ ఆగలేదు. ఆగినప్పుడల్లా డ్యూటీలో ఉన్నది ఒకే ఆపరేటర్, యాభైకి దగ్గరపడిన మనిషి. వాళ్ల మేనేజర్ అడిగితే, ఆయన ఏవో మీటలు నొక్కుతున్నట్టుందని అనేశాను. మూడోసారి వెళ్లేసరికి ఆయన్ని గోడౌన్‌లో డ్రమ్ములు దొర్లించే పనికి మార్చేశారు.

వెతుక్కుంటూ వెళ్లాను. తిడతాడేమో అనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

"జెర ఇనుండ్రి మేడం. చల్లగున్నప్పుడు ఎన్నిసార్లు ప్రింట్ కొట్టినా ఏం గాదు. వేడి జల్దీ ఎక్కేటప్పుడు కొడ్తెనే ఆగుతది. గది గూడ ఎప్పుడన్న ఒకసారి."

మిగతావాళ్లు పని అంతా అయ్యాక ప్రింట్ తీసేవారట. ఆయనొక్కడే జాగ్రత్త కోసం మధ్యలోనూ తీసేవాడు.

ఆఫీసుకు వచ్చి, అలాంటి మిషన్‌కే వేడి అంకెలు వేగంగా పంపుతూ ప్రింట్ నొక్కుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు బిగుసుకుంది. అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అంకెలన్నీ కెర్నెల్‌లో ఒకే జాబితాలో ఉంటాయి. కొత్త అంకె రాగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి దాన్ని అందులో చేరుస్తుంది. ప్రింట్‌కూ అదే జాబితా కావాలి. ఒకేసారి రెండు పనులూ దాన్ని ముట్టుకోకుండా నేనే ఒక లాక్ పెట్టాను. ప్రింట్ పని ఆ లాక్ పట్టుకుని ఉండగా కొత్త అంకె రెండో ప్రాసెసర్‌కు వస్తే క్షణం ఆగుతుంది, అంతే. ప్రింట్ పని నడుస్తున్న ప్రాసెసర్‌కే వస్తే మాత్రం, ఆ పనిని ఆపేసి, అది వదలాల్సిన లాక్ కోసమే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఇక ఏదీ కదలదు. పాత మిషన్‌లో ఒకటే ప్రాసెసర్ కనుక ఆ లాక్ పేరుకే ఉండేది, నిజంగా దేన్నీ ఆపేది కాదు. తప్పు పూర్తిగా నాది.

లాక్ పట్టుకున్నంతసేపూ ఆ ప్రాసెసర్‌కు కొత్త అంకెల పిలుపు అందకుండా ఆపాను. మారింది నాలుగు లైన్లు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి ఆ మార్పును మిషన్‌లో ఎక్కించాను. మేనేజర్‌కు ఆ తప్పు నాదేనని కాగితం మీద రాసిచ్చి, ఆపరేటర్‌ను పిలిపించమన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, రియాక్టర్ వేడెక్కుతున్నంతసేపూ ప్రింట్ కొడుతూనే ఉన్నాడు. నేను వెనక నిలబడ్డాను. కాగితాలు కాళ్ల దగ్గర కుప్పపడ్డాయి. తెర మీద అంకెలు మారుతూనే ఉన్నాయి.

నేను చెప్పిన మాట వల్లే ఆయనకు ఇబ్బంది అయిందని, క్షమించమని అడిగాను.

"మీరు మళ్ల అచ్చి అడిగిన్రు గద మేడం. ఇంకెవ్వలు అడగలే," అన్నాడు. ఆ షిఫ్టు నుంచే ఆయన్ని మళ్లీ రియాక్టర్ పనిలో పెట్టారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోగానే నిద్రపట్టేసింది. కండక్టర్ లేపేసరికి పటాన్‌చెరు ఎప్పుడో దాటిపోయి, లింగంపల్లిలో ఉన్నాం.