చాలు అనే మనిషి

ఓడ్వార్ చేతివేళ్ళకు వేడీ చల్లా తెలియవు. అడవిలో కలప కొట్టే రోజుల్లో మంచు ఆ స్పర్శను తినేసింది. అందుకే బీరు కాచినప్పుడల్లా మరిగిన బార్లీ కషాయాన్ని పాలక్యాన్లలో పోసి, చెత్త పడకుండా మూతలు బిగించి, వాగులో మెడలోతున నిలబెట్టడం ఆయన పని. కడిగిన మోచెయ్యి ముంచి చూసి "చాలు" అనడం భార్య గుడ్వేగ్ పని. వేడి తగ్గకుండా కలిపితే ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్కగొలుసుకు ఎండి అంటుకుని ఉన్న ఈస్టు చచ్చిపోతుంది. అది మళ్ళీ దొరకదు.

ఈసారి ఆయన కాచింది ఆమెను కాటికి సాగనంపడానికి వచ్చేవాళ్ళ కోసం. గట్టున కూర్చుని క్యాన్లను నెమ్మదిగా తిప్పుతూ ఉండిపోయాడు. పక్కింటి తూరా థర్మామీటరు తెచ్చింది.

"ఆ గాజుపుల్లకేం తెలుస్తుందే?"

"అయితే నా మోచెయ్యి వాడుకో బాబాయ్. పిన్ని చెయ్యంత మెత్తగా ఉండదు మరి."

చెయ్యి కడుక్కుని ముంచింది. "చాలు," అంది. ఆయన కాసేపు లేవలేదు.

ఈస్టు కలిపేటప్పుడు గొంతెత్తి అరవాలి. అరుపు ఎంత పెద్దదైతే బీరు అంత ఘాటుగా వస్తుందని మా లోయలో నమ్మకం. ఆయన అరిచినప్పుడల్లా వంటింటి కిటికీలోంచి, "చాలయ్యా, చచ్చినవాళ్ళు లేచొస్తారు!" అని గుడ్వేగ్ గొంతు వినిపించేది. క్యాన్లను పీపాలోకి వంచి, ఈస్టు గొలుసును అందులో వదిలి, ఆయన అరిచాడు. కిటికీ వైపు చూశాడు. అవతలి కొండ ఆ అరుపును తిరిగి ఇచ్చేసింది. ఆయన ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచాడు.