అన్నానికి ముందు అడగాల్సిన మాట

ఇవాళ పొద్దున షెడ్డులోకి అడుగుపెట్టగానే తడిసిన కొబ్బరిపొట్టు వాసన తగిలింది. చెరకు నారు కోసం ట్రేలలో నింపే పొట్టు అది. రోజూ పీల్చే వాసనే, కానీ భయమేసింది. నా చిన్న కంపెనీలో పెట్టుబడి పెట్టేవాళ్లు మధ్యాహ్నానికి హైదరాబాద్ నుంచి ఎడపల్లి రావాల్సి ఉంది. ఇలాంటి రోజే ఎస్తేరక్కను ముంచింది.

బోధన్ దగ్గర ఆమె నారు కంపెనీలోనే నేను పని నేర్చుకున్నాను. చెరకు గడల కణుపుల మీది కన్నులను కోసి, మొలిపించి, రైతులకు అమ్మేవాళ్లం. మొక్క ఎండకు ఓర్చుకునేదాకా అక్క దాన్ని గేటు దాటనిచ్చేది కాదు. ఎంత పెద్ద రైతు వచ్చి అరిచినా సరే, "ఇంక పసిది పటేలా, ఎండకు ఆగది," అని నవ్వి పంపేది. ఆ మొండితనమంటే నాకెంత ఇష్టమో!

కంపెనీ పెంచాలని ఇన్వెస్టర్లను పిలిచింది. "గిది అప్పు కాదు రజితా, కిస్తీలు లేవు. పైసలిచ్చి కంపెనీల వాటా తీసుకుంటరు. కంపెనీ పెద్దగైనంక గా వాటా ఎక్కువకు అమ్ముకుంటరు," అని నాకు చెప్పింది.

"పెద్దగ కాకుంటే అక్కా?"

"వాళ్ల పైసలు మునుగుతయి. గందుకే తొందర పెడ్తరట."

వాళ్లు వచ్చిన రోజు నాటుకోడి వండి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, తానే వడ్డించింది. కంపెనీ నిర్ణయాలు తీసుకునే బోర్డులో ముగ్గురుంటారని, అందులో ఇద్దరు తమవాళ్లేనని వాళ్లు చెప్పినప్పుడు అక్క చేతిలో గరిటె ఆగింది. ఏదో అడగబోయి, "ఇంకింత కూర వేసుకోండ్రి సార్," అంది. ఆ సాయంత్రమే సంతకాలైపోయాయి.

నాట్ల కాలం రాగానే అమ్మకాలు పెంచమని ఒత్తిడి మొదలైంది. లేత నారే పంపమన్నారు. అక్క ససేమిరా అంది. బోర్డు కూర్చుంది, ఇద్దరు చేతులెత్తారు, ఆమె పెట్టిన కంపెనీలోంచి ఆమెనే పంపించేశారు. కొత్త మేనేజరు వెనక నిలబడి చూస్తుండగా అక్క టిఫిన్ డబ్బా సర్దుకుంది. గేటు దాకా వెంట వెళ్లాను.

"నన్ను తీసేస్తరా అని గా దినమే అడగాల్సింది. భయమైంది గానీ, మన ఇంట్ల అన్నం తినేటోళ్లను ఎట్ల అడుగుత అనుకున్న. నీకు భయమైతే దాసుకోకు బిడ్డా, అడుగు," అంది. ఆ తర్వాత అక్క మళ్లీ నారు పెట్టలేదు.

ఇవాళ మధ్యాహ్నం కారు దిగినవాళ్లు నేను వండిన కూర వాసన పీల్చి, "ముందు భోంచేసి మాట్లాడుకుందాం మేడం," అన్నారు నవ్వుతూ. గిన్నెల మీద మూతలు తీయలేదు. భయపడుతూనే అడిగేశాను.

"నా కంపెనీలకెళ్లి నన్ను తీసేసే హక్కు ఎవరికుంటది సార్?"