జాయిన్‌కి రెండెద్దులు

పిల్లలు పుట్టాక తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. ఈ జూన్‌లో గుడివాడలో ఓ ప్రైవేటు స్కూలువాళ్లు ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి డెమో క్లాసుకి పిలిచారు. అప్పటికే రెండు చోట్ల 'గ్యాప్ ఎక్కువైందండీ' అని సాగనంపారు. ఇదీ పోతే మళ్లీ ఎక్కడా అప్లై చెయ్యనని మా ఆయనతో తెగేసి చెప్పాను. ఒట్టు, అంత విసిగిపోయాను.

ముందు ఏడో తరగతి పిల్లలు, వెనక బెంచీలో పంచెకట్టులో ఉన్న పెద్దాయన, ఆయనే స్కూలు కరస్పాండెంటు గారు. ఏ మాట మీద పాఠం చెప్పాలో చీటీ తియ్యమన్నారు. 'జాయిన్' అని వచ్చింది. ఓస్ ఇంతేనా అనుకుని, కలపడం, చేరడం అని అర్థం చెప్పి రెండు వాక్యాలు రాశాను. అంతే, చెప్పాల్సింది అయిపోయింది. ఇంకా పావుగంట ఉంది. పిల్లలు నా మొహంకేసి, నేను గోడ గడియారంకేసి చూస్తున్నాం.

అప్పుడు గుర్తొచ్చింది. బందరు కాలేజీలో మా మాస్టారు ఈ మాట పుట్టుక చెప్పారు. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. లాటిన్‌లో అసలర్థం ఎడ్లని కాడికి కట్టడం. మన 'యోగం' కూడా లాటిన్‌కంటే పాతదైన అదే వేరు నుంచి వచ్చిందేనట. ఆ రోజు నేను తలొంచుకుని కూర్చున్నాను. మా నాన్న ఎడ్లబండి తోలతాడని క్లాసులో ఎవరికీ తెలీదు. తెలిస్తే నవ్వుతారని నా సిగ్గు.

ఇప్పుడింకేం సిగ్గు! అదంతా చెప్పి, బోర్డు మీద కాడి గీసి, కింద రెండెద్దుల్ని వేశాను. అవి మేకల్లా వచ్చాయి. పిల్లలు ఒకటే నవ్వు.

కరస్పాండెంటు గారు లేచారు. "ఏమ్మా, ఏ ఎద్దుని ఏ పక్క కట్టినా సరిపోతుందా?"

ఇది నాకు తెలిసిన సంగతే.

"సరిపోదండీ. ఎడమపక్క అలవాటైంది దాపటెద్దు, కుడిపక్కది వలపటెద్దు. పదేళ్లప్పుడు నాన్న చూడకుండా నేనే కట్టి, అటుదిటూ ఇటుదటూ మార్చేశాను. రెండూ తోసుకుని తోసుకుని బండిని పొలం పక్క పంటబోదె కాలవలో దింపాయండీ."

ఆయన పడీపడీ నవ్వారు. "నేనూ చేశానమ్మా ఆ పని. మా నాన్న చేతిలో తన్నులు కూడా తిన్నాను" అన్నారు. సోమవారం నుంచి వచ్చెయ్యమన్నారు.

హమ్మయ్య! గేటు దాకా కూడా ఆగలేక, వరండాలోంచే బందరు దగ్గర గూడూరు పక్కన మా ఊళ్లో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. ఏడుపొచ్చేసింది. జరిగిందంతా చెప్పాను, కాలేజీలో దాచిన సంగతి కూడా.

"మన దాపటెద్దే నాకు ఉద్యోగం ఇప్పించింది నాన్నా" అన్నాను.

నాన్న వెంటనే అందుకున్నాడు.

"దాపటిదొక్కటే ఎట్టా లాగుద్దే పిచ్చిదానా? వలపటిది కూడా ఉంది కదా, దాని సంగతి కూడా చెప్పు."