కుడికి మూడు, కిందికి రెండు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నేను నమ్మే మనిషిని కాను. హోసూరులో ఒక కంపెనీలో చెకింగ్ పని నాది. కొలత తప్పిన పీసును పక్కన పెట్టడం, అంతే. ఈ సంగతిని కూడా అట్లే కొలిచి చూసినాను, ఏ కొలతకూ రాలేదు.

మా ఆయన పోయి రెండేండ్లు. ఉన్నప్పుడు పాత కంప్యూటర్ ఒకటి టీవీకి తగిలించి పాటలు, సినిమాలు, మా వీడియోలు అన్నీ దాంట్లో పెట్టినాడు. మా అత్తకు చదువు రాదు, చూపూ మందం. అందుకని ఆమెకు లెక్క నేర్పించినాడు. రిమోట్‌లో ఇంటి బొమ్మ బటన్, కుడికి మూడు, కిందికి రెండు, ఓకే.

అట్ల నొక్కితే మా పక్క పోచంపల్లి సంత వీడియో వస్తాది. అత్త మేకను బేరమాడతా ఉంటాది. తీసినది ఆయనే కాబట్టి మొకం కనపడదు, గొంతు ఒకటే. "అమ్మా, ఇట్ల చూడమ్మా!" ఆయన గొంతని మాకు మిగిలింది అదొక్కటే. అత్త పొద్దున కాఫీ తాగి ఒకసారి, మధ్యాన్నం అన్నం తిని ఒకసారి అది వింటాది. "చూస్తా ఉండాను లేరా" అని టీవీకి బదులు కూడా చెప్తాది.

నాకేమో ఆ తెర వైపు చూడను మనసొచ్చేది కాదు. ఆ నీలం రంగు, ఆ అక్షరాలు, అన్నీ ఆయన ఏరుకున్నవే. ఒక ఆదివారం సాయంత్రం స్కిన్ మార్చేసినాను. స్కిన్ అంటే తెర మీద కనపడే రూపం. లోపల సరుకు అదే, పైన గుర్తుల వరస మారిపోతాది. అత్త లెక్క నాకు గుర్తే రాలేదు. ఎంత బుద్ధిలేని దాన్ని!

మరుసటి దినం పనిలో ఉండగా గుర్తొచ్చింది. పర్మిషన్ అడిగి ఇంటికి పరిగెత్తినాను. వాకిట్లోనే వినపడింది, "అమ్మా, ఇట్ల చూడమ్మా!"

అత్త శెనక్కాయలు ఒలుస్తా ఉంది. ఎట్ల పెట్టినావత్తా అంటే, "వాడు చెప్పినట్లేనమ్మా" అనింది.

నేనూ అవే నొక్కినాను. సెట్టింగుల పేజీ వచ్చింది. మళ్ళీ నొక్కినా అదే. రిమోట్ అత్త చేతికిచ్చినాను. ఆమె తెర వైపు చూడను కూడా లేదు. మూడు, రెండు. తెర మీద వెలిగింది సెట్టింగుల గుర్తే, నా కండ్లతో చూసినాను. ఓకే నొక్కింది. సంత వచ్చింది.

ఆ కంప్యూటర్ పెట్టె బిగించేటప్పుడు మా ఆయనకు తోడున్న జతగాడిని పిలిపించినాను. రిమోట్ మార్చినాడు, బ్యాటరీలు మార్చినాడు. అతను నొక్కినా సెట్టింగులే. "ఆ గుర్తుకూ ఆ వీడియోకూ సంబంధమే లేదమ్మా" అని తల గోక్కున్నాడు. పాత స్కిన్ పెట్టేదా అంటే వద్దన్నాను.

ఆరు నెలలైంది. అత్తకు ఒక్కనాడూ లెక్క తప్పలేదు. అది మిషన్‌లో ఉండే లోపమో, ఇంకేమో, నేను చెప్పలేను.

మొన్న ఆమె అత్తిముగంలో ఉండే కూతురింటికి పోయింది. పొద్దున కాఫీ తాగి, ఆమె కూర్చునే చాప మీదే కూర్చుని, కండ్లు మూసుకొని నొక్కినాను. మూడు, రెండు, ఓకే. సెట్టింగులే వచ్చినాయి. ఏడుపు ఆగలేదు.

ఆ పెట్టెలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన వీడియో ఒక్కటీ లేదు. అది నాకు ముందే తెలుసు. అయినా ఏం వినాలని నొక్కినానో, అదీ నాకు తెలీదు.